కొబ్బరిమట్ట ఊగితే ఫోను మోగాలా?

ఇంటికి కాపలా పెట్టుకున్న కెమెరా రాత్రికి అరవైసార్లు పిలిస్తే, అరవై ఒకటోసారి పలికేవాళ్లుండరు. ఆ పిలుపులకు మళ్లీ విలువ తేవడం మన చేతుల్లోనే ఉంది.

రాత్రి రెండుంపావు. డల్లాస్ నుంచి అన్నయ్య ఫోన్. అక్కడ మధ్యాహ్నం మూడుముప్పావు, ఆఫీసులో ఉన్నాడు. "అమ్మకి ఫోన్ చెయ్యవే. పెరట్లో ఏదో కదిలిందని కెమెరా చెబుతోంది, వీడియో తెరుచుకోవట్లేదు" అన్నాడు. హైదరాబాద్‌లో నేను లేచి కూర్చుని, అమలాపురం దగ్గర పల్లెలో ఒక్కతే ఉండే అమ్మకి చేశాను. ఏడో రింగుకి ఎత్తింది. "ఈ వేళప్పుడేంటమ్మా, అందరూ బాగానే ఉన్నారా?" అని కంగారుపడింది. కిటికీ రెక్క తీసి చూసి, "ఎవరూ లేరు. కొబ్బరిమట్ట ఊగుతోంది. పడుకోండి" అంది. తను మాత్రం తెల్లారేదాకా పడుకోలేదని తర్వాత తెలిసింది.

కెమెరాలు బిగించి అప్పటికి వారం కూడా కాలేదు. మొదటి వారం మోగిన ప్రతిసారీ ముగ్గురం చూశాం. రెండో వారం పొద్దున కాఫీ తాగుతూ, రాత్రి వచ్చినవన్నీ ఒక్క ఊపులో వేలితో తోసేశాం. మూడో వారానికి అన్నయ్య ఆ యాప్ నోరు నొక్కేశాడు. నేనూ నొక్కేశాను. సెప్టెంబరులో దింపు తీయించి పాకలో రాశి పోసిన కొబ్బరికాయలు ఒక రాత్రి సగానికి పైగా మాయమయ్యాయి. రికార్డింగ్ తీసి చూస్తే అంతా ఉంది. ఇద్దరు మనుషులు, గోనెసంచులు, మూడు గంటల పది నిమిషాలకు వచ్చి అరగంటపాటు తీరుబడిగా మోసుకెళ్లారు. అలర్టు కూడా వచ్చింది. ఆ రాత్రి వచ్చిన అరవై పైచిలుకు అలర్టుల్లో అదొకటి. మిగతావన్నీ ఆకులూ పురుగులూ.

కాయలు పోయినందుకు అమ్మ పెద్దగా బాధపడలేదు. "చప్పుడు విని నేను పాకలోకి వెళ్లి ఉంటే?" అని మాత్రం అంది. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. కెమెరా తన పని చేసింది. చూడాల్సినవాళ్లం చూడలేదు. చూడకపోవడం మాకు అలవాటు చేసింది కూడా ఆ కెమెరాయే. అప్పటినుంచి ఊరెళ్లినప్పుడల్లా నిచ్చెన వేసుకుని, యాప్ తెరుచుకుని, కెమెరాలు బిగించేవాళ్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులివి. పిల్లలు దూరాన ఉండి, పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ప్రతి ఇంటికీ ఇవి పనికొస్తాయి.

కెమెరాకు దొంగ తెలీదు

కదలిక అనగానే మన మనసులో ఒక మనిషో జంతువో మెదులుతుంది. మామూలు సీసీ కెమెరాకు తెలిసింది చుక్కలే. 2 మెగాపిక్సెల్ కెమెరా తీసే బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అంటే ఇరవై లక్షలకు పైనే. ఒక ఫ్రేములో ఆ చుక్కల వెలుతురు ఎంత ఉందో, తర్వాతి ఫ్రేములో ఎంత ఉందో పోల్చి చూస్తుంది. మారిన చుక్కలు మనం పెట్టిన హద్దును దాటితే 'మోషన్' అంటుంది. సూర్యుడికి మబ్బు అడ్డొచ్చినా, దండెం మీద చీర రెపరెపలాడినా, వీధిలో తిరిగే బండి లైటు గోడ మీద పాకినా దాని లెక్కలో అన్నీ ఒకటే.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఎందుకు మోగుతుందో కూడా ఇందులోనే ఉంది. వీధిలైటు ఆరగానే, ఇన్వర్టరు మీద నడిచే కెమెరా పగటి చూపు నుంచి రాత్రి చూపుకు మారుతుంది. లోపల లెన్సు వెనక ఉన్న చిన్న ఫిల్టరు 'టిక్' మని పక్కకు జరుగుతుంది, రంగుల బొమ్మ నలుపు తెలుపు అవుతుంది. ఇరవై లక్షల చుక్కలూ ఒక్కసారే మారిపోతాయి. కెమెరాకు అంతకంటే పెద్ద కదలిక ఏముంటుంది?

బ్యాటరీతో నడిచే కెమెరాల పద్ధతి వేరు. ఎప్పుడూ కళ్లు తెరుచుకుని ఉంటే బ్యాటరీ నిలవదు కాబట్టి వాటిలో పీఐఆర్ అనే సెన్సరు కాపలా కాస్తుంది. అది వెలుతురును కాకుండా వేడిని చూస్తుంది. మన ఒంటి నుంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు ఎప్పుడూ వెలువడుతూ ఉంటాయి. సెన్సరు ముందుండే గీతల గీతల ప్లాస్టిక్ కటకం ఎదుటి చోటును విసనకర్ర మడతల్లా ముక్కలు చేస్తుంది. వేడిగా ఉన్న వస్తువు ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి దాటితే కెమెరా మేలుకుంటుంది. అందుకే అడ్డంగా నడిచేవాణ్ని అది చటుక్కున పసిగడుతుంది, నేరుగా తన వైపు వచ్చేవాణ్ని ఆలస్యంగా గుర్తిస్తుంది. గేటు నుంచి గుమ్మానికి వచ్చే దారికి సూటిగా ఎదురుగా దాన్ని బిగిస్తే, మనిషి దాదాపు మెట్ల దాకా వచ్చాక గానీ మోగదు. పక్కగోడకు బిగిస్తే గేటు దాటగానే చెబుతుంది.

మన ఎండలతో దీనికి పెద్ద చిక్కు. మే నెల సాయంత్రం గోడా నేలా మన ఒంటి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు, వాటి ముందు నడిచే మనిషి సెన్సరుకు సరిగా తెలియడు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వదిలే వేడిగాలి మాత్రం బాగా తెలుస్తుంది. కాబట్టి రెండింటినీ ఎదురెదురుగా పెట్టకూడదు. ఇంకో సంగతి. కిటికీ అద్దం వెనక పెట్టిన పీఐఆర్ కెమెరా దండగ. ఒంటి వేడి కిరణాలు మామూలు అద్దాన్ని దాటవు.

రాత్రి, పురుగు, బూజుకర్ర

మా కెమెరా అలర్టులను ఒక వారంపాటు నోటుపుస్తకంలో రాశాను. టైము, ఏం కదిలింది, ఏ కెమెరా. అంతే. ఎవరైనా ముందు ఈ పని చెయ్యాలి. ఎందుకంటే, అంతకుముందు మా ఇంట్లో అందరం కొబ్బరిచెట్టునే తిట్టుకున్నాం. పుస్తకంలో చూస్తే సగానికి పైగా రాత్రి పూట లెన్సు ముందు తిరిగే పురుగులు, లెన్సు చుట్టూ అల్లుకున్న సాలెగూడు.

ఒక సెంటీమీటరు పురుగు లెన్సుకు పది సెంటీమీటర్ల దూరంలో ఎగిరిందనుకోండి. కెమెరా కంటికి అది పది మీటర్ల అవతల ఉన్న మీటరు వస్తువంత కనిపిస్తుంది. చిన్నపిల్లంత అన్నమాట. పైగా కెమెరా చుట్టూ ఉండే పరారుణ దీపాలు దాని పక్కనే వెలుగుతుంటాయి. దూరం వందోవంతు అయితే పడే వెలుగు పదివేల రెట్లు అవుతుంది. పదిమీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి మసకగా, ముక్కు ముందు పురుగు తెల్లటి జ్వాలలా కనబడేది ఇందుకే. వానచినుకూ, మంచుతెర, ఎగిరే దుమ్మూ రాత్రిపూట చేసే గోల కూడా ఇదే.

పురుగులకు ఆ పరారుణ వెలుగు కనబడదు. అవి వచ్చేది పక్కనున్న వరండా బల్బు కోసం. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేచినప్పుడు ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, గిన్నెలో నీళ్లు పోసి దీపం కింద పెట్టిన చిన్నతనాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పురుగు దీపాన్ని ప్రేమించి వెళ్తుందని మనం అనుకుంటూ వచ్చాం. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఎగిరే పురుగులు రాత్రిపూట వెలుతురు ఉన్నవైపుకు వీపు తిప్పి, దాన్నిబట్టి పైనేదో కిందేదో తెలుసుకుంటాయట. ఆకాశం వెలుతురుతో బతికినన్నాళ్లు అది సరిగ్గా పనిచేసింది. పక్కన బల్బు వెలగగానే దానికి వీపు తిప్పబోయి, దాని చుట్టూ గిరగిర తిరుగుతూ చిక్కుకుపోతాయి. పాపం, వాటికి మన గుమ్మంతో పనేమీ లేదు. దారి తప్పాయి.

పురుగులున్న చోటికి సాలీడు వస్తుంది. కెమెరా సన్‌షేడ్ కింద ఉంటుంది, వాన తగలదు, కాస్త వెచ్చగా ఉంటుంది, భోజనం నడిచొస్తుంది. అంతకంటే దానికి ఏం కావాలి? గాలికి ఊగే ఒక్క దారం పరారుణ వెలుగులో మోకులా మెరుస్తుంది. ఆ వెనకే బల్లి. తెల్లారుజామున నాలుగింటికి మా వరండా కెమెరాను నిండా కమ్మేసిన ఒక తెల్లటి పొట్టను చూసి అన్నయ్య హడలిపోయాడు. బల్లి లెన్సు మీదుగా పాకుతోంది.

దీనికి మందు సెట్టింగుల్లో లేదు. బూజుకర్ర తీసుకుని వారానికోసారి కెమెరాను దులపాలి. మెత్తటి పొడిగుడ్డతో అద్దం తుడవాలి. తర్వాత వెలుతురు సంగతి. కెమెరాలోని పరారుణ దీపాలను ఆపేసే వీలుంటే ఆపి, రెండు మూడు మీటర్లు పక్కగా వేరే పరారుణ దీపం పెట్టించుకుంటే లెన్సు ముందు ఎగిరే పురుగు వెలగదు. అది ఖర్చనుకుంటే, కెమెరాకు దూరంగా రాత్రంతా ఒక చిన్న పసుపు ఛాయ ఎల్‌ఈడీ బల్బు వెలిగించండి. నీలి తెలుపు బల్బుల కంటే పసుపు ఛాయ బల్బులకు పురుగులు తక్కువ చేరతాయి. వెలుతురు చాలినంత ఉంటే కెమెరా రంగుల్లోనే చూస్తుంది, రాత్రి బొమ్మలో గింజలు గింజలుగా మెదిలే మరకలు తగ్గుతాయి. ఆ మరకలు కూడా చుక్కల మార్పే, అవి కూడా మోగిస్తాయి. అమ్మ ఇంట్లో మేం చేసింది ఈ రెండోదే. బల్బును కెమెరా పక్కనుంచి తీసి మందారం చెట్టు అవతలి గోడకు మార్చాం, బూజు దులిపాం. ఆ రాత్రే తేడా తెలిసింది. అప్పటికి ఫోన్‌లో ఒక్క సెట్టింగూ ముట్టుకోలేదు.

ఏది చూడాలి, ఏది చూడొద్దు

కెమెరా కొన్నాక అందరికీ ఒకటే ఆశ, మొత్తం కనబడాలని. గేటు, రోడ్డు, ఎదురిల్లు, ఆకాశం. మేమూ అలాగే పెట్టించాం. అది తప్పు. ఆకాశం ఫ్రేములో ఉంటే మబ్బుల వల్ల వెలుతురు లెక్క గంటగంటకూ మారుతుంది. రోడ్డు ఉంటే వచ్చే పోయే ప్రతి బండీ మోగిస్తుంది. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తులో పెట్టి, నేల వైపు వంచి, మన ఆవరణతో చూపు ఆగేలా తిప్పితే సగం గోల అక్కడే ఆగుతుంది.

దూరం చూడాలన్న ఆశ గురించి ఒక లెక్క చెప్పాలి. కెమెరాల ప్రమాణాల్లో ఈఎన్ 62676-4 అని ఒకటుంది. దాని 2015 నాటి కూర్పు లెక్క ఇలా ఉంది. ఏదో ఒక మనిషి ఉన్నాడని తెలియాలంటే మీటరు వెడల్పుకు 25 చుక్కలు చాలు. తెలిసిన మనిషే అని పోల్చుకోవాలంటే 125 కావాలి. కొత్తమనిషి ముఖాన్ని ఆనవాలు పట్టాలంటే 250. సాధారణంగా ఇళ్లకు బిగించే 2.8 మిల్లీమీటర్ల లెన్సు వెడల్పుగా చూస్తుంది. 2 మెగాపిక్సెల్ కెమెరాకు ఆ లెన్సు ఉంటే, 250 చుక్కల లెక్క దాదాపు మూడు మీటర్ల దూరానికే అయిపోతుంది. పాతిక ముప్పై మీటర్ల అవతల మనిషి నలభై చుక్కల ఎత్తున్న మరక మాత్రమే. ఆ మరకకూ అరటాకుకూ తేడా చెప్పమని కెమెరాను అడగడం అన్యాయం. రెండు వీధులు చూసే ఒక కెమెరా కంటే గుమ్మాన్నీ పెరటి తలుపునూ దగ్గరగా చూసే రెండు కెమెరాలు మేలు.

ఇరుగుపొరుగువాళ్ల విషయం ఇక్కడే చెప్పాలి. మా కెమెరా మొదట పెట్టినప్పుడు పక్కింటి మామ్మగారి గుమ్మం సగం కనబడేది. ఆవిడ కల్లాపి చల్లినప్పుడల్లా మా ముగ్గురి ఫోన్లూ మోగేవి. ఆవిడ ఎప్పుడు లేస్తుందో, ఎవరితో మాట్లాడుతుందో మాకెందుకు? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ తీర్పు సంగతి అటుంచినా, పక్కింటి గుమ్మం మీద కన్ను వేసి ఉంచడం మర్యాద కాదు. చాలా యాప్‌లలో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. తెర మీద ఆ చోటును నల్లగా కప్పేయొచ్చు. మామ్మగారి గుమ్మాన్ని కప్పాం. ఆవిడ పరువూ నిలిచింది, మా అలర్టులూ తగ్గాయి.

యాప్‌లో చెయ్యాల్సిన పని

గోడ దగ్గర పని అయ్యాకే ఫోను తియ్యండి. చాలామంది ముందు సెన్సిటివిటీని కిందికి లాగేస్తారు. అప్పుడు కొబ్బరిమట్టతో పాటు దొంగ కూడా మాయమవుతాడు. మొదట చెయ్యాల్సింది జోన్ గియ్యడం. తెర మీద గళ్లు కనబడతాయి, మనిషి కాలు పెట్టే నేలను మాత్రమే ఎంచుకోవాలి. చెట్టు కొమ్మలు, దండెం, రోడ్డు అన్నీ బయటే. కొమ్మ నీడ నేల మీద పడితే అదీ కదలికే, కాబట్టి పగలు ఒకసారి రాత్రి ఒకసారి చూసి గియ్యాలి. ఆ తర్వాత వస్తువు పరిమాణం. ఎంతకంటే చిన్నదైతే వదిలెయ్యాలో చెప్పే వీలుంటే పిల్లి వదిలిపోయేలా పెట్టుకోవచ్చు. ఆ పైన సెన్సిటివిటీ, అదీ ఒక్కో మెట్టుగా, మెట్టుకో రాత్రి ఆగి చూస్తూ.

లైన్ క్రాసింగ్ అనేది నాకు అన్నిటికంటే నచ్చింది. గుమ్మం ముందు ముగ్గేసినట్టు తెర మీద ఒక గీత గీసి, ఇటునుంచి అటు దాటితేనే చెప్పమనొచ్చు. బయటినుంచి లోపలికి వస్తే మోగుతుంది, లోపలినుంచి అమ్మ బయటికి వెళ్తే మోగదు. ఊగే ఆకు గీతకు అటూ ఇటూ తచ్చాడినా, ఒకవైపు నుంచి ఇంకోవైపుకు ప్రయాణం చెయ్యదు.

పగలంతా మనుషులు తిరిగే ఇంట్లో పగటి అలర్టు దేనికి? పనమ్మాయి, పాలు పోసేవాడు, కొరియరు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా షెడ్యూల్ పెట్టాం. అలర్టుకూ అలర్టుకూ మధ్య ఎంత విరామం ఉండాలో కూడా కొన్నిటిలో అడుగుతారు. అది ఐదు నిమిషాలు పెడితే ప్రశాంతంగా ఉంటుంది గానీ, పిల్లి మోగించిన నాలుగు నిమిషాలకు మనిషి వస్తే తెలియదు. ఒక్క నిమిషం మించకూడదని నా అభిప్రాయం.

వీటన్నిటికంటే ముఖ్యమైన ఒక సంగతిని కెమెరా బిగించినవాళ్లు మాకు చెప్పలేదు. రికార్డింగ్ వేరు, అలర్టు వేరు. చాలా ఇళ్లలో 'కదిలినప్పుడే రికార్డు' అని పెట్టి ఉంటుంది. అలర్టులు తగ్గించబోతే రికార్డింగ్ కూడా తగ్గిపోతుంది, అసలు రోజున ఏమీ దొరకదు. రికార్డింగ్‌ను ఇరవైనాలుగు గంటలూ నడవనివ్వండి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నడిచే కెమెరా రోజుకు 10.8 గిగాబైట్లు రాస్తుంది, 128 గిగాబైట్ల కార్డులో పది రోజుల పైన పడుతుంది. అది నిండితే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. కెమెరా అన్నీ రాసుకోవాలి, మనకు మాత్రం కొన్నే చెప్పాలి.

మనిషిని పోల్చే కెమెరా

ఇప్పుడు కొనే చాలా కెమెరాల పెట్టె మీద 'హ్యూమన్ డిటెక్షన్' అని ఉంటుంది. ఇదంతా రాత్రికి రాత్రి వచ్చింది కాదు. 1999లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన స్టాఫర్, గ్రిమ్సన్ ఇద్దరూ ఊగే కొమ్మల్లాంటి మళ్లీ మళ్లీ జరిగే కదలికను నేపథ్యంలో భాగంగానే నేర్చుకునే పద్ధతి చూపించారు. 2005లో ఫ్రాన్స్‌లో నవనీత్ దలాల్, బిల్ ట్రిగ్స్ నిలబడ్డ మనిషి అంచుల దిశలను బట్టి మనిషిని గుర్తించే పద్ధతి ఇచ్చారు. ఆ తర్వాత లక్షల ఫోటోలు చూపించి నేర్పే నాడీజాలాలు వచ్చాయి. పాత కెమెరా 'ఏదో కదిలింది' అంటే, కొత్త కెమెరా 'మనిషి కదిలాడు' అంటుంది. ఆ రెంటికీ మధ్య తేడా అమ్మకు చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు వీధికుక్క మొరుగు వినే చెప్పేది, "అది పిల్లిని చూసి, ఇది కొత్తవాణ్ని చూసి" అని.

అయితే ఈ కెమెరాకు చూపించిన ఫోటోలేవో అదే దాని లోకం. పరిశోధకులు విరివిగా వాడే కోకో అనే ఫోటోల సంచయంలో 80 రకాల వస్తువులున్నాయి. జంతువులు పది. ఆవు ఉంది, ఏనుగు ఉంది, జిరాఫీ, చారల గుర్రం కూడా ఉన్నాయి. కోతి లేదు, గేదె లేదు, మేక లేదు. కంపెనీలు సొంత ఫోటోలతో కూడా నేర్పుతాయనుకోండి. అయినా పిట్టగోడ మీద కూర్చున్న కోతి కొన్ని కెమెరాల లెక్కలో మనిషే. కట్టే ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మ మనిషే. ఎదురుగా కట్టిన ఫ్లెక్సీలో నాయకుడు గాలికి కదిలితే ఆయనా మనిషే. వీటికి జోన్ తప్ప మార్గం లేదు.

ఇంకో చిక్కు అంకెల్లో ఉంది. నూటికి తొంభైతొమ్మిదిసార్లు తప్పు చెయ్యని కెమెరా అనుకుందాం. రోజుకు ఆకులూ కుక్కలూ పిల్లులూ కలిపి మూడొందల కదలికలుంటే, నూటికి ఒక్కటి చొప్పున మూడు ఉత్తుత్తి అలర్టులు తప్పవు. ఇంటికి నిజంగా కొత్తవాడు వచ్చేది ఏ ఏడాదికో ఒక్కసారి. కెమెరా ఎంత తెలివైనదైనా, దానికి చూపించే కదలికలను ముందే తగ్గించాలనేది అందుకే. బూజుకర్ర పని ఎప్పటికీ తప్పదు.

ఎక్కువ మోగితే ఎవరికి నష్టం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ వైమానిక దళానికి ఒక సందేహం వచ్చింది. రాడార్ ముందు కూర్చున్నవాళ్లు తెర మీద చుక్క కనబడుతున్నా ఎందుకు చూడలేకపోతున్నారు? నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం లాంటి పరికరం తయారుచేసి, అరుదుగా ముల్లు ఒక గడి ఎక్కువ దూకితే చెప్పమని మనుషుల్ని కూర్చోబెట్టాడు. తొలి అరగంట తర్వాత వాళ్ల చూపు తగ్గిపోతూ వచ్చింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. జీతానికి కూర్చున్న సైనికుల సంగతే అది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ ఉండే మనం నెలల తరబడి చూస్తామా?

అమెరికాలో ఈ నష్టం పోలీసులు మోశారు. ఇళ్లలో, దుకాణాల్లో మోగే దొంగతనం అలారాల్లో 94 నుంచి 98 శాతం ఉత్తుత్తివేనని ఆ దేశ న్యాయశాఖ పోలీసుల కోసం వేసిన మార్గదర్శకంలోనే ఉంది. విసిగిపోయిన సాల్ట్ లేక్ సిటీ 2000 డిసెంబరు నుంచి ఒక నియమం పెట్టింది. అలారం మోగితే ముందు ఎవరైనా వెళ్లి కళ్లతో చూసి రావాలి, అప్పుడే పోలీసులు వస్తారు. అలారాల కోసం పోలీసులు పరుగెత్తడం దాదాపు 90 శాతం తగ్గింది.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి చూడండి. ఊరెళ్తూ యాప్‌లో నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెడతారు, కదలిక కనబడితే కంట్రోల్ రూంకు కబురు వెళ్తుంది. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. తాళం వేసిన గదిలో కొమ్మలు లేవు, బండ్లు లేవు, వాన లేదు. అక్కడ ఏది కదిలినా అది వార్తే. అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు మేమూ ఇదే చేస్తున్నాం. బయటి కెమెరాలు రాసుకుంటూ ఉంటాయి. మోగే పని మాత్రం లోపల, వీధి తలుపు వైపు చూస్తూ సోఫా మీద పెట్టిన చిన్న కెమెరాకు అప్పజెప్పాం. పోయినసారి అమ్మ మా దగ్గరున్న పన్నెండు రోజుల్లో అది ఒక్కసారి కూడా మోగలేదు.

ఇంటికి కెమెరా అనే ఆలోచనకు తొలి పేటెంటు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సుదీ ఆమె భర్త ఆల్బర్ట్‌దీ. 1966లో దరఖాస్తు పెట్టారు, 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది. వేళగాని వేళ తలుపు కొడితే, లేచి వెళ్లకుండానే బయట ఎవరున్నారో చూడాలని ఆమె కోరిక. ఎవరో తలుపు కొడతారు, ఆమె తెర చూస్తుంది, అవసరమైతే బటన్ నొక్కి సాయం పిలుస్తుంది. గాలి తలుపు కొట్టదు కాబట్టి ఆమెకు ఆకుల బాధ లేదు. మన యాప్‌ను కూడా తలుపు కొట్టేవాణ్ని మాత్రమే చెప్పే స్థితికి తీసుకురావాలి. నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

అన్నీ అయ్యాక పరీక్ష తప్పనిసరి. రాత్రి పదకొండు దాటాక ఒకరు ఇంటి చుట్టూ నడవాలి. గేటు నుంచి ఒకసారి, పెరటి గోడ వైపు నుంచి ఒకసారి, వంగి ఒకసారి, గొడుగు వేసుకుని ఒకసారి, దుప్పటి కప్పుకుని ఒకసారి. ఇంకొకరు ఫోను పట్టుకుని లెక్క రాసుకోవాలి. మా ఇంట్లో గొడుగు వేసుకున్న నన్ను పెరటి కెమెరా మనిషిగా ఒప్పుకోలేదు. సెన్సిటివిటీ ఒక మెట్టు పెంచాక ఒప్పుకుంది. వానాకాలం మొదట్లో, మంచు మొదలయ్యాక, ఎండలు ముదిరాక మళ్లీ నడిచి చూడాలి. కొమ్మ పెరుగుతుంది, గోడకు సున్నం వేస్తారు, కొత్తగా దండెం కడతారు. ఒకసారి చేసి వదిలేసే పని కాదిది.

ఇప్పుడు అమ్మ ఇంట్లో రాత్రికి ఒకటో రెండో వస్తాయి, కొన్ని రాత్రులు అసలు రావు. వచ్చినప్పుడు అన్నయ్య చూస్తున్నాడు, నేనూ చూస్తున్నాను.

సంక్రాంతికి ఊరెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. వెళ్లిన మొదటిరోజే కెమెరా బూజు దులపండి, జోన్లు సరిచూడండి, అమ్మానాన్నలతో కలిసి రాత్రి నడిచి పరీక్షించండి. నిజంగా మోగిన రోజున ఎవరిని పిలవాలో కూడా ఆ రోజే తేల్చుకోండి. అమెరికా నుంచి 112 నొక్కితే మన ఊరి పోలీసులకు వెళ్లదు. మీ ఊరి స్టేషన్ నంబరు, గోడ అవతల ఉండే ఇద్దరి నంబర్లు, ముందు 91 చేర్చి, ఇంట్లో అందరి ఫోన్లలోనూ రాసి పెట్టుకోండి.